చదువు బాకీకి ఐపీ పెడితే నాయన సంతకం ఏమవుతుంది?

మన కర్నూలు, అనంతపురం, కడప పక్క "వాడు ఐపీ పెట్టినాడంట" అంటే చాలు, ఇంకేమీ అడగరు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు కోర్టు మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలు మన నోళ్ళలో పడి దివాలాకు మారుపేరైపోయినాయి. పత్తి వ్యాపారి, చీటీల ఆసామి, వడ్డీకి తెచ్చి బోర్ల మీద బోర్లు వేయించిన రైతు, ఇన్నాళ్ళూ ఆ మాట వీళ్ళ గురించే వినేవాళ్ళం. ఇప్పుడు బీటెక్ అయిపోయి రెండేళ్ళైనా ఉద్యోగం కుదరని పిల్లల ఇళ్ళలోనూ అదే ప్రశ్న: ఎడ్యుకేషన్ లోన్‌కు ఐపీ పెట్టొచ్చా, పెడితే బాకీ పోతుందా?

పెట్టొచ్చు. పిల్లవాడి వరకు బాకీ రద్దయ్యే దారి కాగితం మీద ఉంది కూడా. కానీ ఆ బాకీ గడప దాటి బయటికి పోదు. కొడుకు పేరు మీది నుంచి దిగి నాయన పేరు మీద కూర్చుంటుంది. ఎందుకో అర్థం కావాలంటే ముందు లోన్ కాగితాలు తీయాలి. చట్టం సంగతి తర్వాత.

శాంక్షన్ లెటర్, అగ్రిమెంటు తీసి సంతకాల పేజీ చూడండి. బ్యాంకుల సంఘం ఐబీఏ తయారు చేసిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు ఉండదు, తల్లిగానీ తండ్రిగానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే సరిపోతుంది. 4 దాటి 7.5 లక్షల వరకు, కేంద్రం గ్యారంటీ నిధి కిందికి రాని లోన్ అయితే మూడో మనిషి జామీను. 7.5 లక్షలు దాటితే స్థలమో ఇల్లో తాకట్టు. మూడు రకాల్లోనూ కన్నవాళ్ళ సంతకం మాత్రం తప్పదు. దాన్ని మనవాళ్ళు "సాక్షి సంతకం" అనుకుంటారు. పెట్టించుకునే గుమాస్తా కూడా "ఊరికే ఒక సంతకం సార్" అంటాడు. సహ రుణగ్రహీత అంటే మొత్తం బాకీ ఆయనదీ అని అర్థం. ఇక జామీనుదారు సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్‌లో ఉంది: అసలు బాకీదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతే. బ్యాంకు ముందు కొడుకును అడిగి, అతని దగ్గర లేదని తేలినాకే నాయన దగ్గరికి రావాలనే నియమం ఎక్కడా లేదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరిపోవాలి. 7.5 లక్షల లోపు లోన్లకు 2015 నుంచి కేంద్రం గ్యారంటీ నిధి ఒకటుంది. కట్టకుండా ఆగిపోయిన మొత్తంలో 75 శాతం దాకా బ్యాంకుకు ఆ నిధి ఇస్తుంది. "గవర్నమెంటే కట్టేసింది కదా, ఇంక మాకేంది" అనేవాళ్ళు ఉన్నారు. ఆ గ్యారంటీ బ్యాంకుకు, మనకు కాదు. నిధి డబ్బు వచ్చినాక కూడా బ్యాంకు మన దగ్గర వసూలు చేస్తూనే ఉండాలి, వచ్చిన దాంట్లో నిధికి వాటా తిరిగి కట్టాలి.

ఐపీకి రెండు చట్టాలు, ఒకటే నడుస్తోంది

మామూలు మనిషి దివాలాకు మన జిల్లాల్లో నేటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు. 2016లో వచ్చిన ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్‌లో మూడో భాగం మనుషుల దివాలా కోసమే రాశారు. అయితే ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత జామీను ఉన్నవాళ్ళ వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. మిగిలిన జనానికి అది ఇంకా పుస్తకంలోనే ఉంది.

తమాషా ఏమిటంటే, కొత్త కోడ్ చదువు బాకీని పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది. 79వ సెక్షన్‌లో "మినహాయించిన అప్పులు" అని ఒక జాబితా ఉంది: కోర్టు వేసిన జరిమానా, నష్టపరిహారం, భార్యాపిల్లల మనోవర్తి, వాటి సరసనే స్టూడెంట్ లోన్. దివాలా పూర్తయి విడుదల ఉత్తర్వు, అంటే ఇక బాకీల నుంచి విముక్తి అనే కోర్టు ఉత్తర్వు, వచ్చినా 139వ సెక్షన్ ప్రకారం ఈ జాబితాలోని అప్పులు మాఫీ కావు. పేదవాళ్ళ కోసమని పెట్టిన "కొత్త ఆరంభం" పద్ధతిలోనూ అంతే. దాని కొలతలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు: ఏడాది ఆదాయం 60,000 మించకూడదు, ఆస్తి 20,000 మించకూడదు, బాకీ 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. చదువు బాకీ అందులోనూ లెక్కకు రాదు.

వందేళ్ళ పాత చట్టంలో స్టూడెంట్ లోన్ అనే మాటే లేదు. 1920లో అలాంటి అప్పే లేదు కాబట్టి. దాని 44వ సెక్షన్ విడుదల తర్వాత కూడా మిగిలిపోయే బాకీలను చెబుతుంది: ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసినవి, మనోవర్తి. చదువు లోన్ అందులో లేదు. కాబట్టి నేటికి నడుస్తున్న చట్టం ప్రకారం కొడుకు ఐపీ పెట్టి, చివరిదాకా నడిపి, విడుదల ఉత్తర్వు తెచ్చుకుంటే అతని వరకు బ్యాంకు బాకీ రద్దే. కొత్త భాగం అమల్లోకి వచ్చిన రోజు ఈ సందు మూసుకుపోతుంది.

అయితే అదే 44వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌ను చాలామంది చదవరు. దివాలా తీసిన మనిషికి విడుదల దొరికినా, అతనితో కలిసి ఒప్పందం చేసుకున్నవాళ్ళకూ అతనికి జామీను ఉన్నవాళ్ళకూ విడుదల లేదని అందులో ఉంది. కథ మొత్తం ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది. కొడుకు బయటపడిన మరుసటి రోజు బ్యాంకు నోటీసు నాయన పేరుతో వస్తుంది. తాకట్టు ఉంటే అసలు అంతదాకా ఆగనక్కర్లేదు, తాకట్టు పట్టిన బ్యాంకు హక్కును ఐపీ తాకదు. 28వ సెక్షన్ ఆ మాట విడిగా చెప్పింది.

అయినా పెట్టదలచుకుంటే

సొంత పేరు మీద లోన్‌తో పాటు క్రెడిట్ కార్డులు, యాప్ లోన్లు, చేబదుళ్ళు కూడా పేరుకుపోయి, నాయన లేకనో ఆయన పేరున ఏ ఆస్తీ లేకనో ఉన్నవాళ్ళకు ఐపీ పనికొచ్చే సందర్భాలు ఉంటాయి. అలాంటివాళ్ళకు పద్ధతి ఇది.

బాకీ కనీసం 500 రూపాయలు ఉండాలి. నవ్వకండి, 1920లో పెట్టిన అంకె అలాగే ఉంది. లేదా డిక్రీ (బాకీ కట్టమనే కోర్టు తీర్పు) కింద అరెస్టయి ఉండాలి, లేదా ఆస్తి జప్తు ఉత్తర్వు నడుస్తుండాలి. పిటిషన్‌ను జిల్లా కోర్టులో గానీ ఆ అధికారం ఇచ్చిన కింది సివిల్ కోర్టులో గానీ వేయాలి. ఏ ఊరి కోర్టు అన్నది మామూలుగా కాపురం ఎక్కడ, పని ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడే అనంతపురం పిల్లలు తప్పు చేస్తారు. మూడేళ్ళుగా బెంగళూరులో పని చేస్తూ, ఆధార్‌లో ధర్మవరం అడ్రసు ఉంది కదా అని ఇక్కడ వేస్తారు. బ్యాంకు వకీలు మొదటి వాయిదాలోనే అధికార పరిధి మీద అభ్యంతరం పెడతాడు. చెన్నైలో ఉంటే చట్టమే మారిపోతుంది. అక్కడ నడిచేది 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల ఇన్సాల్వెన్సీ చట్టం, వెళ్ళాల్సింది మద్రాసు హైకోర్టుకు.

పిటిషన్‌లో అప్పులిచ్చిన ప్రతి ఒక్కరి పేరు, చిరునామా, మొత్తం రాయాలి. ఆస్తులన్నీ, వాటి విలువ, అవి ఎక్కడున్నాయో రాయాలి. ఆ ఆస్తినంతా కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని రాయాలి. ఇంతకు ముందు ఎప్పుడైనా ఐపీ పెట్టి ఉంటే అదీ రాయాలి. యాప్ లోన్ చిన్నదే కదా అని వదిలేస్తే ఆ బాకీకి రేపు విడుదల వర్తిస్తుందా అనే తగాదా వస్తుంది. చేబదులు ఇచ్చిన మామయ్య పేరు రాయడానికి మొగమాటపడి వదిలేయడం, ఆయనకు మాత్రం వెనక నుంచి డబ్బు ఇచ్చేయడం ఇంకా ప్రమాదం. పిటిషన్‌కు ముందు 3 నెలల్లో ఒక అప్పులవాడికి మిగతావాళ్ళ కంటే ఎక్కువ మేలు చేయాలని కట్టిన డబ్బును 54వ సెక్షన్ కింద రిసీవరు (దివాలాదారు ఆస్తిని చూడటానికి కోర్టు పెట్టే మనిషి) వెనక్కి లాగొచ్చు.

పొలం పేరు మార్పిడి దీనికంటే పెద్ద తప్పు. ఐపీ పెట్టబోయే ముందు ఇల్లు భార్య పేరుకో చెల్లెలి పేరుకో గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయించడం మన పక్క పరిపాటి. దాన్ని తెలివి అనుకుంటారు. బదిలీ చేసిన తర్వాత 2 ఏళ్ళ లోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే ఊరికే రాసిచ్చిన ఆ బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు, 53వ సెక్షన్ అదే చెబుతుంది. ఆస్తి దాచినట్టు, లెక్కలు మాయం చేసినట్టు తేలితే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అప్పటిదాకా సివిల్ వ్యవహారంగా ఉన్నది అక్కడితో క్రిమినల్ అవుతుంది.

కోర్టు దివాలా ప్రకటించిన క్షణం నుంచి ఆస్తి మొత్తం కోర్టుదో అధికారిక రిసీవరుదో అవుతుంది. విడుదల వచ్చేలోపు కొత్తగా చేతికొచ్చే ఆస్తి కూడా అంతే. సీమ కుటుంబాలు ఇక్కడ తప్పకుండా ఆగి ఆలోచించాలి: పిత్రార్జితం పొలంలో కొడుకుకు పుట్టుకతోనే వాటా ఉంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ ఉంది. పంపకాలు కాలేదు కాబట్టి నా పేరున ఏమీ లేదని పిటిషన్‌లో రాసేస్తారు. పాసుపుస్తకం నాయన పేరునే ఉన్నా, ఆ విభజన కాని వాటా రిసీవరు చేతికి పోతుంది. మెట్ట చేను నాలుగు ఎకరాలే అయినా సరే. కొడుకు బాకీ నుంచి పొలాన్ని కాపాడాలని పెట్టిన ఐపీయే పొలానికి తలుపు తీసినట్టవుతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడేవి మాత్రం రిసీవరు ముట్టుకోడు: వ్యవసాయం చేసుకునేవాడు కాపురముంటున్న ఇల్లు, సేద్యం పనిముట్లు, పీఎఫ్, జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు. జీతం 25,000 అనుకుంటే 1,000 పోగా 24,000. అందులో 16,000 వదిలేస్తారు. కాబట్టి జప్తుకు దొరికేది నెలకు 8,000.

ప్రకటనతోనే పని అయిపోయిందనుకుని వకీలు ఆఫీసుకు వెళ్ళడం మానేయడం ఐపీల్లో అందరికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ప్రకటన ఉత్తర్వులోనే విడుదలకు ఎప్పటిలోగా అర్జీ పెట్టాలో గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే 43వ సెక్షన్ కింద ప్రకటనే రద్దవుతుంది, బాకీ మొదటికొస్తుంది. అర్జీ పెట్టినా విడుదల ఖాయం కాదు. తాకట్టు లేని బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాలైనా తీర్చేంత ఆస్తి లేకపోతే, అది తన తప్పు వల్ల కాదని చూపించుకోవాలి. చట్టంలో మాట అచ్చంగా ఎనిమిది అణాలే, అంటే సగం. ఉద్యోగం కోసం పెట్టిన అప్లికేషన్లు, ఇంటర్వ్యూ మెయిళ్ళు, జబ్బు చేసి ఉంటే ఆసుపత్రి కాగితాలు అప్పుడు అక్కరకొస్తాయి. మొదటి రోజు నుంచే ఫైలు కట్టి పెట్టుకోవాలి.

ఇంకొకటి, మన పక్క దీన్ని చిన్నగా చూడరు: విడుదల కాని దివాలాదారు సర్పంచ్‌గానో కౌన్సిలర్‌గానో గెలవడానికి, కూర్చోవడానికి అర్హుడు కాడు.

అమెరికా పిల్లల సంగతి

ఎంఎస్ కోసం డల్లాస్ వెళ్ళిన పిల్లవాడు "ఇక్కడ బ్యాంక్రప్టసీ వేసేస్తా నాయనా, అంతా క్లియర్" అంటే రెండు విషయాలు విడగొట్టి చూడాలి.

ఇక్కడి బ్యాంకులోనో ఇక్కడి ఫైనాన్స్ కంపెనీలోనో తీసుకున్న లోన్ అయితే, సంతకం పెట్టిన నాయన కడపలో ఉన్నాడు, తాకట్టు పెట్టిన ఇల్లు కడపలో ఉంది. అమెరికా కోర్టు ఉత్తర్వు ఆయన బాధ్యతను రవ్వంత కూడా తగ్గించదు. వాళ్ళ చట్టం 524వ సెక్షన్ కూడా మన 44 చెప్పిన మాటే చెబుతుంది: ఒకరి విడుదల ఇంకొకరి బాధ్యతను తాకదు.

అక్కడి సంస్థ దగ్గరే తల్లిదండ్రుల సంతకం లేకుండా తీసుకున్న లోన్ అయితే అది వేరే ఆట. దివాలా వేయడానికి అమెరికా పౌరుడై ఉండనక్కర్లేదు, అక్కడ నివాసమో ఆస్తో ఉంటే చాలు. కానీ చదువు బాకీ మిగతా బాకీల్లా దానంతట అది పోదు. 1976లో మొదట 5 ఏళ్ళ ఆంక్ష పెట్టారు, 1990లో 7 ఏళ్ళు చేశారు, 1998లో ఎన్నేళ్ళైనా పోదన్నారు, 2005లో ప్రైవేటు లోన్లనూ అందులోకి లాగారు. ఇప్పుడు 523వ సెక్షన్ ఎనిమిదో క్లాజు కింద, కట్టమంటే భరించలేని కష్టం అని నిరూపించాలి. దానికి దివాలా కేసు లోపలే విడిగా ఒక దావా వేయాలి. చాలామంది ఈ రెండో దావా వేయకుండా చాప్టర్ 7 (అక్కడి మామూలు దివాలా కేసు) ముగిసిందని సంబరపడతారు, క్రెడిట్ కార్డులు పోతాయి, చదువు బాకీ అలాగే ఉంటుంది. చాలా కోర్టులు వాడే కొలబద్ద 1987 నాటి బ్రన్నర్ తీర్పు: ఇప్పుడు కడితే కనీస జీవనం గడవకూడదు, ఆ పరిస్థితి బాకీ కాలంలో చాలాభాగం ఉండేలా ఉండాలి, ఇప్పటిదాకా కట్టడానికి నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. పాతికేళ్ళ కంప్యూటర్స్ ఎంఎస్ పిల్లవాడికి రెండోదే గుదిబండ. ఆరోగ్యంగా ఉన్నావు, డిగ్రీ ఉంది, రేపు ఉద్యోగం రాదని ఎలా చెబుతావని అడుగుతారు.

2022 నవంబరులో అక్కడి న్యాయశాఖ ఒక సులువైన ఫారం పద్ధతి తెచ్చింది. వాట్సాప్‌లో అది చూసి ఆశపడేవాళ్ళు ఒకటి గమనించాలి: అది ఫెడరల్ లోన్లకే, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ లోన్లకే. ఎఫ్-1 వీసా పిల్లలకు ఫెడరల్ లోన్లు ఇవ్వనే ఇవ్వరు.

అసలు పని జరిగే చోటు బ్యాంకు బ్రాంచి

కోర్టు గురించి ఇంత చెప్పినా, చాలా ఇళ్ళకు కోర్టు అవసరం రాకుండానే పని జరిగే చోటు వేరే ఉంది. అది లోన్ ఇచ్చిన బ్రాంచే. అదీ ఖాతా చెడకముందు.

లెక్క ఒకటి చూద్దాం. ఏడాదికి 1,80,000 చొప్పున నాలుగేళ్ళు, మొత్తం 7,20,000 తీసుకున్నారు. వడ్డీ 10 శాతం. చదువుతున్న 4 ఏళ్ళు, ఆపైన 1 ఏడాది కట్టనక్కర్లేదు. ఆ కాలానికి బారు వడ్డీ లెక్క కడతారు: మొదటి ఏడాది డబ్బు మీద 90,000, రెండోదాని మీద 72,000, తర్వాత 54,000, చివరిదాని మీద 36,000. మొత్తం 2,52,000. కాబట్టి కంతులు మొదలయ్యే రోజుకు బాకీ 9,72,000. పదేళ్ళలో కట్టాలంటే నెలకు సుమారు 12,845, పదిహేనేళ్ళకు సాగదీస్తే సుమారు 10,445. నెలకు 2,400 తగ్గినందుకు మొత్తం మీద 3,38,000 పైగా అదనంగా కడతారు. సాగదీయడం తప్పని కాదు, ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కావడం కంటే అది నయమే. అయితే ఉద్యోగం కుదిరినాక కంతు పెంచుకోవడం మరిచిపోకూడదు.

కంతు తప్పిన రోజు నుంచి 30, 60, 90 రోజుల గీతలు ఉంటాయి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ. ఆ గీతకు ముందు మేనేజరు చేతిలో ఉన్న వెసులుబాట్లు దాని తర్వాత చాలా తగ్గిపోతాయి. ఐబీఏ నమూనా పథకంలోనే ఉద్యోగం లేని కాలానికి ఒక్కోసారి 6 నెలలు మించకుండా, లోన్ మొత్తం కాలంలో రెండు మూడు సార్లు విరామం ఇవ్వొచ్చని ఉంది. మొదట్లో చిన్న కంతులు, జీతం పెరిగే కొద్దీ పెద్ద కంతులు కట్టే పద్ధతీ ఉంది. ఇవి అడిగితేనే వస్తాయి, అదీ కాగితం మీద అడిగితే. కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది ఎక్కడా రికార్డు కాదు. అర్జీలో ఖాతా నంబరు, శాంక్షన్ తేదీ, కంతు మొదలైన తేదీ, ఇప్పుడు నెలకు ఎంత కట్టగలరో ఒక అంకె, ఎన్ని నెలలు విరామం కావాలో రాయండి. రెండు ప్రతులు పట్టుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. అర్జీ పెట్టినాక కూడా నెలకు 2,000 అయినా కడుతూ ఉంటే మాటకు బలం ఉంటుంది.

స్టేట్‌మెంటు తీసి రెండు సంగతులు చూడండి. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, మన దేశంలోనే వృత్తి విద్య చదివి ఉంటే, కంతులు మొదలయ్యేదాకా పడే వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ సర్టిఫికెట్ బ్రాంచికి అందకపోవడం వల్లనో, బ్రాంచి క్లెయిమ్ చేయకపోవడం వల్లనో అది రాకుండా పోతుంది. పై లెక్కలో ఆ ఒక్కటే 2,52,000. రెండోది, కట్టనందుకు వేసే అపరాధ రుసుమును అసల్లో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. 2024 నుంచి అది అమల్లో ఉంది. అలా వేసి ఉంటే తీసేయమని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయడం కూడా ఫిర్యాదుకు తగిన విషయమే.

"మూడేళ్ళు కట్టకుండా ఊరుకుంటే కాలదోషం పడుతుంది" అనే సలహా మన టీ కొట్టు దగ్గర చవకగా దొరుకుతుంది. తాకట్టు లేని లోన్‌కు దావా గడువు 3 ఏళ్ళే, నిజమే. అయితే మధ్యలో 500 రూపాయలు కట్టి రసీదు మీద సంతకం చేసినా, బ్యాంకు పంపిన బాకీ ధ్రువీకరణ కాగితం మీద సంతకం పెట్టినా గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది. తాకట్టు ఉంటే 12 ఏళ్ళు. పైగా మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో ఆ మచ్చ అలాగే ఉంటుంది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం: లోన్ ఎగవేత రికార్డు ఉంటే స్టేట్ బ్యాంకు నియామక పత్రం ఇవ్వదు, ఆ షరతు నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.

ఖాతా ఇప్పటికే ఎన్‌పీఏ అయి ఉంటే మిగిలేది ఒకేసారి కట్టి తెంచుకోవడం, అంటే ఓటీఎస్. అది మన హక్కు కాదు, 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. బ్యాంకు ఒప్పుకోవాలి. బేరానికి వెళ్ళేటప్పుడు చేతిలో డబ్బు ఉండాలి, ఎక్కడి నుంచి వస్తుందో చూపించగలగాలి. శెనక్కాయ అమ్మినాక కడతామంటే వినరు. ఒప్పుకున్న మొత్తం, చివరి తేదీ, తప్పితే ఏమవుతుందో రాసిన లెటర్ చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి. గడువులో ఒక్క కంతు తప్పినా రాయితీ పోయి మొత్తం బాకీ తిరిగొస్తుంది. ఓటీఎస్ తర్వాత సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. కనీసం 12 నెలలు ఆ బ్యాంకు కొత్త లోన్ ఇవ్వదు. తేడా ఒక పది ఇరవై వేలే అయితే పూర్తిగా కట్టి క్లోజ్డ్ అనిపించుకోవడమే నా సలహా.

బేరానికి మంచి రోజు జాతీయ లోక్ అదాలత్. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దావా వేయకముందే బ్యాంకు కేసులు అక్కడికి వస్తాయి, కోర్టు ఫీజు ఉండదు. దావా నడుస్తున్నదైతే కట్టిన ఫీజు వాపసు. అక్కడ కుదిరిన అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే తొందరపడి పెద్ద అంకెకు ఒప్పుకుని సంతకం పెట్టకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. ఫోన్ నంబరు 15100.

ఇల్లు తాకట్టులో ఉండి సర్ఫేసీ నోటీసు (కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం కింద) వస్తే 60 రోజులు ఉంటాయి. ఆ లోపల రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నోటీసు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ను తిప్పి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు, గోడకు అంటించి పత్రికలో వేస్తారు, పరువు అదనంగా పోతుంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అలాగని పొలం భద్రం అనుకోవద్దు, తాకట్టు దావా వేసి సివిల్ కోర్టు ద్వారా అమ్మించే దారి బ్యాంకుకు ఉంది.

అరెస్టు భయం గురించి ఒక్క మాట. డిక్రీ బాకీకి జైలు అంటే, కట్టగలిగి కూడా కట్టనివాడికే. లేనివాడిని పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అసలే అరెస్టు చేయరు. "రేపు పోలీసులతో వస్తాం" అని ఫోన్లో బెదిరించేవాడు పేరు, ఏజెన్సీ కార్డు నంబరు అడిగితే చాలాసార్లు ఫోన్ పెట్టేస్తాడు.

మొత్తం కట్టినా, ఓటీఎస్‌తో తెంచుకున్నా, అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి. వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. నో డ్యూ సర్టిఫికెట్‌తో ఆగిపోకుండా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తాకట్టు విడుదల రిజిస్టరు చేయించి, నెల తర్వాత కొత్త ఈసీ (ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయా అని చూపే సర్టిఫికెట్) తీసి చూడండి. సిబిల్ రిపోర్టు కూడా అప్పుడే తీయండి, కొడుకుది ఒకటి, నాయనది ఒకటి. రెండింట్లోనూ ఆ లోన్ ఉంటుంది, కొడుకు పేరున సరి చేసి నాయన పేరున వదిలేయడం తరచుగా జరుగుతుంది. తప్పుంటే ఫిర్యాదు పెట్టిన 30 రోజుల తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం లెక్క మొదలవుతుంది.